పీజీ ప్రవేశాలు: కొలమానాల చర్చలో మరుగునపడిన దరఖాస్తు

ప్రశ్న స్వరూపం

విశ్వవిద్యాలయంలో పోస్టుగ్రాడ్యుయేట్ సీటు ఎవరికి దక్కాలి, దాన్ని ఏ కొలమానంతో నిర్ణయించాలి అన్న ప్రశ్న తెలుగునాట అర్ధ శతాబ్దంగా నలుగుతూనే ఉంది. డిగ్రీలో వచ్చిన మార్కులు చాలునని కొందరు, అందరికీ ఒకే ప్రవేశ పరీక్ష పెడితేనే పక్షపాతానికి తావుండదని మరికొందరు, తమ విద్యార్థులను తామే ఎంచుకునే అధికారం విశ్వవిద్యాలయాలకు ఉండాలని ఇంకొందరు వాదిస్తూ వచ్చారు. విద్యార్థి ఎంత దూరం నుంచి, ఎన్ని అడ్డంకులు దాటి వచ్చాడో లెక్కలోకి తీసుకోని ప్రతిభ కొలత సగం కొలతేనన్నది నాలుగో వాదం. తెలంగాణలో 2019 నుంచి ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఏపీ పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు 2022 నుంచి సీయూఈటీ పీజీ, పీహెచ్‌డీ ప్రవేశాలకు 2024 నుంచి యూజీసీ నెట్ స్కోరు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడడంతో ఈ చర్చ మరింత చిక్కుబడింది.

ఈ వాదాలను వరుసగా పరిశీలించి, వాటి బలాబలాలను బేరీజు వేసి, ఇంకా తేలకుండా మిగిలిన అంశాలను గుర్తించడం ఈ సమీక్ష ఉద్దేశం. వాదాలను పరీక్షించడానికి ఇక్కడ ఎంచుకున్న స్థలం మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ మండలం. పూర్వపు వరంగల్ జిల్లాలో భాగంగా ఉండి 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో మహబూబాబాద్‌లో చేరిన ఈ మండలం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఏజెన్సీ ప్రాంతం. కోయలు, లంబాడాలు ఎక్కువగా నివసించే అటవీ మండలం. ఇక్కడివారికి పట్టణమంటే నర్సంపేట లేదా మహబూబాబాద్, విశ్వవిద్యాలయమంటే హనుమకొండలోని కాకతీయ. ప్రవేశ విధానంలో ఏ మార్పు వచ్చినా దాని మంచిచెడ్డలు ముందుగా తెలిసివచ్చేది ఇలాంటి మండలాల్లోనే.

చారిత్రక నేపథ్యం

1918లో ఉస్మానియా, 1926లో ఆంధ్ర, 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు ఏర్పడిన కాలంలో డిగ్రీ పూర్తిచేసినవారి సంఖ్యే తక్కువ కావడంతో పీజీ ప్రవేశం పెద్ద వివాదంగా ఉండేది కాదు. వరంగల్ ప్రాంత విద్యార్థులు పై చదువుకు హైదరాబాదు వెళ్లవలసి వచ్చేది. తరువాత వరంగల్‌లో ఉస్మానియా పీజీ కేంద్రం ఏర్పడింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం స్వతంత్ర సంస్థగా వెలసింది. అంతకు ముందే, ప్రత్యేక తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల అనంతరం 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, అదే ఏడాది విద్యాసంస్థల్లో ప్రవేశాలను క్రమబద్ధం చేసే రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి.

ఆ ఉత్తర్వు ఉమ్మడి రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర అనే మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించి, ప్రాంతీయ విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లను ఆయా ప్రాంతాల స్థానిక అభ్యర్థులకు కేటాయించింది. అర్హత పరీక్ష నాటికి వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండడం స్థానికతకు ప్రధాన కొలమానం. పీజీ సీటు మార్కుల లెక్క మాత్రమే కాదని, చదివిన ప్రాంతానికి కూడా అందులో పాత్ర ఉందని ప్రభుత్వం చట్టబద్ధంగా అంగీకరించిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

రెండో మలుపు 1983 నాటి చట్టం. డొనేషన్ల పేరుతో సీట్లు అమ్ముకోవడాన్ని నిషేధించి, ప్రవేశాలను మెరిట్ ప్రకారం నడపాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన ఈ చట్టం నీడలో ఇంజినీరింగ్, వైద్య విద్యకు ఎంసెట్, ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్, బీఎడ్‌కు ఎడ్‌సెట్, న్యాయవిద్యకు లాసెట్ వంటి ఉమ్మడి పరీక్షలు స్థిరపడ్డాయి. వృత్తి కోర్సులు ఇలా ఒకే గొడుగు కిందికి చేరినా, ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీ వంటి సాధారణ పీజీ కోర్సులకు మాత్రం చాలాకాలం ఏ విశ్వవిద్యాలయం పరీక్ష దానిదే. ఉస్మానియాకు ఒక దరఖాస్తు, కాకతీయకు మరొకటి, 2006-08 మధ్య ఏర్పడిన తెలంగాణ, మహాత్మాగాంధీ, పాలమూరు, శాతవాహన విశ్వవిద్యాలయాల సీట్ల కోసం వేరే పరుగు అన్నట్టుగా వ్యవహారం నడిచింది. ఈ పరుగును తగ్గించే ఉద్దేశంతోనే 2019లో సీపీగెట్ వచ్చింది. ఉస్మానియా నిర్వహణలో జరిగే ఈ పరీక్షలో ఒక్కో సబ్జెక్టుకు 90 నిమిషాల్లో 100 బహుళైచ్ఛిక ప్రశ్నలకు కంప్యూటర్ మీద జవాబులు గుర్తించాలి; వచ్చిన ర్యాంకుతో రాష్ట్రంలోని పలు విశ్వవిద్యాలయాల సీట్లకు పోటీపడవచ్చు.

మొదటి వాదం: అందరికీ ఒకే పరీక్ష

ఉమ్మడి పరీక్షను సమర్థించేవారి తర్కం సూటిగా ఉంటుంది. డిగ్రీ మార్కులు కళాశాలను బట్టి, విశ్వవిద్యాలయాన్ని బట్టి మారతాయి. ఒకచోట 80 శాతం, మరోచోట 65 శాతం ఒకే స్థాయి చదువుకు గుర్తులు కావచ్చు. ఒకే ప్రశ్నపత్రం ముందు అందరినీ కూర్చోబెట్టినప్పుడు ఆ తేడా చెరిగిపోతుంది. పలుకుబడికి, సిఫారసుకు దారి మూసుకుపోతుంది. వేర్వేరు ఫీజులు, వేర్వేరు ప్రయాణాలు తప్పుతాయి కనుక పేద విద్యార్థికే ఎక్కువ మేలు జరుగుతుంది. కొత్తగూడ నుంచి ఒక్కో పరీక్షకు ఒక్కో నగరానికి బస్సెక్కవలసిన అవసరం తగ్గడం చిన్న విషయం కాదని ఈ వాదులు చెప్పే మాటలో నిజం ఉంది.

విమర్శకులు రెండు అంశాలను ఎత్తిచూపుతారు. మొదటిది, బహుళైచ్ఛిక ప్రశ్న జ్ఞాపకశక్తిని కొలిచినంతగా ఆలోచనను కొలవలేదన్నది. సాహిత్యం, చరిత్ర, సమాజశాస్త్రం వంటి విషయాల్లో ఒక వాదాన్ని పేర్చి రాయగల శక్తి అందులో కనిపించదు. రెండోది, ఒకే పరీక్ష మీద అంతా ఆధారపడితే అది తడబడిన రోజున అందరూ తడబడతారన్నది. 2024 జూన్ 18న జరిగిన యూజీసీ నెట్ పరీక్ష పవిత్రత దెబ్బతిని ఉండవచ్చన్న సమాచారంతో మరుసటి రోజే రద్దయి, ఆగస్టు నుంచి మళ్లీ జరిగింది. దేశమంతటా లక్షలాది అభ్యర్థులకు మరో ప్రయాణం, మరో నిరీక్షణ తప్పలేదు.

రెండో వాదం: విశ్వవిద్యాలయ స్వయంప్రతిపత్తి

ఈ వాదం ప్రకారం ప్రవేశం బోధనలో భాగం. తమ పాఠ్యక్రమం ఎలాంటి విద్యార్థిని కోరుతుందో అధ్యాపకులకే బాగా తెలుసు. అందుకే ప్రశ్నపత్రం కూర్పు, జవాబుల మూల్యాంకనం వారి చేతుల్లోనే ఉండాలి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం సీయూఈటీలో చేరకముందు దేశంలోని పలు నగరాల్లో సొంత పరీక్ష నిర్వహించేది. కొన్ని కోర్సులకు మౌఖిక పరీక్ష కూడా ఉండేది. ఆ పద్ధతిలో ఒక్కో శాఖ తన విషయానికి తగిన పరీక్షను రూపొందించుకునే వీలుండేది.

దీనికి ఎదురయ్యే ప్రశ్న మౌఖిక పరీక్ష దగ్గర పదునెక్కుతుంది. ఎంఫిల్, పీహెచ్‌డీ ప్రవేశాలపై యూజీసీ 2016లో తెచ్చిన నిబంధనలు రాతపరీక్షను అర్హతకు పరిమితం చేసి, ఎంపికను మౌఖిక పరీక్షకు అప్పగించడంతో దేశవ్యాప్తంగా విద్యార్థి సంఘాలు వ్యతిరేకించాయి. మౌఖిక పరీక్షలో అణగారిన వర్గాల అభ్యర్థులకు మార్కులు తక్కువగా పడుతున్న ధోరణిని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోని నఫే కమిటీ అప్పటికే గుర్తించి ఉండడం ఆ నిరసనకు ఊతమిచ్చింది. 2018లో చేసిన సవరణ రాతపరీక్షకు 70, మౌఖికానికి 30 శాతం విలువ కట్టింది. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) లేకుండా నెట్ స్కోరుతో పీహెచ్‌డీలో చేరేవారికి 2024 నుంచి ఇదే నిష్పత్తి వర్తిస్తోంది. స్వయంప్రతిపత్తి విలువైనదే అయినా, తలుపులు మూసిన గదిలో జరిగే ఎంపికకు జవాబుదారీతనం ఎలా తేవాలన్నది ఈ వాదులు పూర్తిగా తేల్చని అంశం.

మూడో వాదం: డిగ్రీ మార్కులే ఆధారం

మూడేళ్లపాటు ఆరు సెమిస్టర్లలో సాగిన చదువును పక్కనపెట్టి గంటన్నర పరీక్షతో భవిష్యత్తు తేల్చడం అహేతుకమని మూడో వర్గం అంటుంది. నిలకడగా చదివే విద్యార్థికి, ముఖ్యంగా కోచింగుకు డబ్బు, సమయం లేనివారికి డిగ్రీ మార్కులే న్యాయం చేస్తాయన్నది వీరి నమ్మకం. 2022 నాటి యూజీసీ నిబంధనలు నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు వచ్చినవారిని నేరుగా పీహెచ్‌డీకి అర్హులుగా గుర్తించడం కూడా డిగ్రీ చదువుకు విలువ పెంచిన చర్యగానే కనిపిస్తుంది.

అయితే మార్కుల వెనుక ఉన్న పరిస్థితులు సమానంగా లేవు. శాశ్వత అధ్యాపకులు, ప్రయోగశాల, గ్రంథాలయం ఉన్న నగర కళాశాలనూ, అతిథి అధ్యాపకులతో నెట్టుకొస్తున్న పల్లె కళాశాలనూ ఒకే గాటన కట్టలేం. పైగా మూల్యాంకనంలో ఉదారంగా వ్యవహరించే స్వయంప్రతిపత్తి కళాశాలల విద్యార్థులకు ఈ పద్ధతిలో సహజంగానే పైచేయి ఉంటుంది. పోటీ తక్కువగా ఉండే కోర్సుల్లో మార్కులు సరిపోవచ్చు గాని, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వంటి గిరాకీ కోర్సుల్లో అవి వివాదాలకే దారితీస్తాయి.

నాలుగో వాదం: బయలుదేరిన చోటునూ లెక్కించాలి

సామాజిక న్యాయ దృష్టితో చూసేవారు ప్రతిభను అది పెరిగిన నేల నుంచి విడదీయరాదంటారు. రిజర్వేషన్లు ఈ ఆలోచనకు రాజ్యాంగబద్ధమైన రూపం. కేంద్రీయ సంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు ఉండగా, తెలంగాణలో 2022 సెప్టెంబరు 30న జారీ అయిన 33వ నంబరు జీవోతో ఎస్టీ కోటా 6 నుంచి 10 శాతానికి పెరిగింది. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్ర జనాభాలో గిరిజనులు దాదాపు 9 శాతం. మహబూబాబాద్ జిల్లాలోనైతే వారి వాటా మూడో వంతుకు పైమాటే.

ఈ వాదం రిజర్వేషన్ల దగ్గరే ఆగదు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం తొలినాళ్లలో వెనుకబడిన జిల్లాల నుంచి వచ్చినవారికి ప్రవేశ పరీక్షలో అదనపు పాయింట్లు కలిపేది. 1983 ఆందోళనల తరువాత రద్దయిన ఈ పద్ధతి 1990లలో తిరిగి వచ్చి, పరిశోధన కోర్సుల్లో 2017లో ఆగిపోయింది. మన ప్రాంతంలో ఇలాంటి ప్రయోగం జరగలేదు. రాష్ట్రపతి ఉత్తర్వులోని స్థానికత ఇందుకు దగ్గరగా కనిపించినా దాని పరిధి వేరు. తెలంగాణ జిల్లాలన్నీ ఉస్మానియా స్థానిక ప్రాంతంలోనే ఉన్నందున, హైదరాబాదులోని పేరున్న కళాశాలలో చదివిన విద్యార్థి, కొత్తగూడ తండా నుంచి వచ్చిన విద్యార్థి ఆ 85 శాతంలో సమాన స్థానికులే. బయటివారి నుంచి రక్షణ దొరికింది గాని, లోపలి అంతరం అలాగే ఉండిపోయింది.

అదనపు పాయింట్ల మీద అభ్యంతరాలూ లేకపోలేదు. వెనుకబడిన జిల్లాలోని సంపన్న కుటుంబం ఆ ప్రయోజనం అందుకోవచ్చు. నగరంలోని మురికివాడ విద్యార్థికి అది అందకపోవచ్చు. స్థానిక చిరునామా పుట్టించుకునేవారు బయలుదేరవచ్చు. జిల్లాను కాక మండలాన్ని, చదివిన పాఠశాలను ప్రాతిపదికగా తీసుకుంటే ఈ లోపాలు తగ్గుతాయని సమర్థకుల సమాధానం.

విదేశీ పద్ధతి చెప్పే పాఠం

ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లే తెలుగు యువత ఎదుర్కొనే దరఖాస్తు స్వభావమే వేరు. అక్కడ ఒకే ర్యాంకు ఉండదు. మార్కుల పట్టికతో పాటు ఎందుకు చదవదలచారో వివరించే వ్యాసం, అంటే ఎస్ఓపీ, పాఠం చెప్పిన అధ్యాపకుల సిఫారసు లేఖలు, ఆంగ్ల ప్రావీణ్య పరీక్ష స్కోరు, కొన్నిచోట్ల జీఆర్ఈ స్కోరు కలిపి శాఖలోని కమిటీ తూకం వేస్తుంది. కోవిడ్ కాలం నుంచి అనేక శాఖలు జీఆర్ఈని ఐచ్ఛికం చేశాయి లేదా పూర్తిగా తీసేశాయి. మనిషిని సమగ్రంగా చూసే పద్ధతిగా దీనికి పేరున్నా, ఎస్ఓపీని డబ్బు తీసుకుని రాసిపెట్టే కన్సల్టెన్సీల వ్యాపారం హైదరాబాదులో వర్ధిల్లడం ఆ పద్ధతి బలహీనతను చూపుతుంది. ఏటా అధ్యాపకులు మారిపోయే కళాశాలలో చదివిన విద్యార్థికి తనను బాగా ఎరిగిన ముగ్గురి చేత సిఫారసు లేఖ రాయించుకోవడమూ కష్టమే.

సమాచారం లేకపోతే ఎంత నష్టమో చెప్పడానికి రెండు ఉదంతాలు చాలు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం బండారం బయటపడినప్పుడు, 2019లో అమెరికా అధికారులే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం వెలుగుచూసినప్పుడు, చిక్కుల్లో పడినవారిలో తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మరోవైపు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు సాయం చేసే తెలంగాణ ప్రభుత్వ అంబేడ్కర్ విదేశీ విద్యానిధి, కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 20 మందికి ఇచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ ఉన్నాయి. వాటి గురించి సకాలంలో తెలిసినవారికే అవి ఉన్నట్టు లెక్క.

తులనాత్మక సారాంశం

నాలుగు వాదాలనూ, విదేశీ పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూస్తే వాటి గుణదోషాలు ఇలా తేలతాయి.

ఉమ్మడి పరీక్ష: బలం సమాన ప్రమాణం, తక్కువ ప్రయాణం. బలహీనత లోతును కొలవలేకపోవడం, ఒక్క లోపంతో అందరూ నష్టపోవడం. కోచింగు అందినవారికి మొగ్గు.

సొంత పరీక్ష, మౌఖికం: బలం విషయానికి తగిన ఎంపిక. బలహీనత మౌఖికంలో వివక్షకు ఆస్కారం, అభ్యర్థి మీద పలు దరఖాస్తుల భారం. మాటకారులకు, నగరవాసులకు మొగ్గు.

డిగ్రీ మార్కులు: బలం దీర్ఘకాలపు శ్రమకు గుర్తింపు. బలహీనత కళాశాలల మధ్య పొంతన లేని మూల్యాంకనం. ఉదారంగా మార్కులు వేసే సంస్థల విద్యార్థులకు మొగ్గు.

వెనుకబాటుకు గుర్తింపు: బలం అసమాన ఆరంభానికి పరిహారం. బలహీనత ప్రాతిపదికను ఖచ్చితంగా నిర్ణయించడంలో కష్టం. సరైన ధ్రువపత్రాలు చేతిలో ఉన్నవారికి మొగ్గు.

సమగ్ర పరిశీలన: బలం మనిషిని పలు కోణాల నుంచి చూడడం. బలహీనత ఖర్చు, అపారదర్శకత. రాసిపెట్టే సాయం కొనుక్కోగలవారికి మొగ్గు.

ఏ పద్ధతి చూసినా ఒక సామాన్య లక్షణం ఉంది. ఇవన్నీ దరఖాస్తు చేసినవారిలో ఎవరిని ఎంచుకోవాలో చెబుతాయి. దరఖాస్తు దాకా రానివారి గురించి మాట్లాడవు. సీపీగెట్ కౌన్సెలింగు ముగిశాక ఏటా పలు కోర్సుల్లో సీట్లు మిగిలిపోతున్నాయి. సీటు ఖాళీగా ఉండగా చదువుకోగల విద్యార్థి ఇంటి దగ్గర ఉండిపోయాడంటే, అడ్డుపడినది కొలమానం కాదు, అంతకు ముందున్న మెట్టు. ఆ మెట్టును దగ్గరగా పరిశీలించనిదే ఈ చర్చ పూర్తికాదు.

దరఖాస్తు నడిచే దారి

మొదటి అడ్డంకి క్యాలెండర్. సీయూఈటీ పీజీ దరఖాస్తులు డిసెంబరులో లేదా జనవరి మొదట్లో మొదలై, పరీక్ష మార్చిలో జరుగుతుంది. ఆ సమయానికి డిగ్రీ చివరి ఏడాది విద్యార్థి ఐదో సెమిస్టరు గట్టెక్కి ఆరో సెమిస్టరులో అడుగుపెడుతుంటాడు. పీజీ సంగతి డిగ్రీ ఫలితాలు వచ్చాక చూసుకోవచ్చన్న పాత అలవాటుతో ఉన్నవారికి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి సంస్థల తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. స్కోరు వచ్చాక కూడా ఒక్కో విశ్వవిద్యాలయం పోర్టల్‌లో విడిగా నమోదు చేసుకోవాలన్న సంగతి తెలియక ఆగిపోయే ప్రమాదం ఉంది. సీపీగెట్ 2024లో జులైలో, 2025లో ఆగస్టులో జరిగింది. ఏజెన్సీలో అవి వరినాట్ల రోజులు, వాగులు పొంగి రాకపోకలు నిలిచిపోయే రోజులు.

రెండో అడ్డంకి ధ్రువపత్రాలు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, టీసీ, ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు, స్థానికతను నిరూపించే స్టడీ సర్టిఫికెట్లు సిద్ధంగా ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి పదో తరగతి మెమోలో పొడి అక్షరమే ఉన్నా, పుట్టిన తేదీలో తేడా ఉన్నా సవరణకు మీసేవ చుట్టూ తిరగవలసిందే. ఫీజు రీయింబర్స్‌మెంటుకు, ఉపకార వేతనానికి ఈపాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేయడానికి ఎస్సీ, ఎస్టీ కుటుంబ వార్షికాదాయం నిర్ణీత పరిమితి లోపు ఉండాలి. ఆ పత్రం చెల్లుబాటు గడువు దాటకుండా చూసుకోవాలి. ఇవన్నీ మండల కేంద్రంలో, రెవెన్యూ డివిజన్‌లో, కళాశాలలో వేర్వేరు చోట్ల దొరికే పత్రాలు. ఒక్కోదానికి ఒక్కో రోజు కూలి పోతుంది.

మూడోది వెబ్ ఆప్షన్లు, అంటే తనకు కావలసిన కళాశాలను, కోర్సును ఇష్టం ప్రకారం వరుసలో నమోదు చేయడం. ర్యాంకు క్రమంలో ఒక్కొక్క అభ్యర్థి జాబితాను కంప్యూటరు పైనుంచి కిందికి చూస్తూ, ఆ ర్యాంకుకు, ఆ రిజర్వేషన్ వర్గానికి దక్కగల మొదటి సీటును కేటాయిస్తుంది. కాబట్టి తీరా రాదేమోనన్న భయంతో బాగా కోరుకున్న సీటును కిందికి నెట్టనవసరం లేదు. దాన్ని పైన పెట్టినంత మాత్రాన కింద ఉన్నది చేజారదు. అసలు నష్టం రెండు సందర్భాల్లో జరుగుతుంది: రెండు మూడు ఆప్షన్లతోనే ఆపేసినప్పుడు, రెగ్యులర్ సీటుకు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు తేడా గమనించకుండా పెట్టినప్పుడు. సెల్ఫ్ ఫైనాన్స్ సీటు వచ్చాక రీయింబర్స్‌మెంటు పోను మిగిలే ఫీజు కట్టలేక చేరడమే మానుకునే పరిస్థితి వస్తుంది. ఈ ఒక్క విషయం ముందే వివరించగలిగితే ఒక విద్యా సంవత్సరం నిలబడుతుంది.

నాలుగోది భాష. సీయూఈటీ పీజీ ప్రశ్నపత్రం భాషా విషయాలను మినహాయిస్తే ఆంగ్లం, హిందీల్లోనే ఉంటుంది. తప్పు జవాబుకు ఒక మార్కు కోత కూడా ఉంటుంది. ఇంట్లో కోయ భాష లేదా లంబాడీ, బడిలో తెలుగు, పరీక్షలో ఆంగ్లం అయినప్పుడు విద్యార్థి తన మూడో భాషలో పోటీపడుతున్నాడు. అదే ప్రశ్నను తన మొదటి భాషలో చదివే హిందీ ప్రాంత అభ్యర్థికి ఆ బరువు లేదు.

తేలని అంశాలు

మొదటిది సమాచారం. ప్రవేశ పరీక్షల అధికారిక ప్రకటనల్లో సాధారణంగా మొత్తం దరఖాస్తులు, హాజరు, అర్హత పొందినవారు, స్త్రీ పురుషుల, సామాజిక వర్గాల వారీ లెక్కలు కనిపిస్తాయి. ఇటీవలి ఏళ్లలో సీపీగెట్‌లో అమ్మాయిలే ఎక్కువగా ఉండడం ఆ లెక్కల వల్లనే లోకానికి తెలిసింది. డిగ్రీ పూర్తిచేసినవారిలో ఏ మండలం నుంచి ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరు మధ్యలో ఆగిపోయారు అన్న లెక్క లేనంతవరకు ఏ వాదం గెలిచిందో చెప్పడానికి ఆధారం ఉండదు.

రెండోది గిరిజన విశ్వవిద్యాలయం పాత్ర. 2014 పునర్విభజన చట్టంలోని హామీ ప్రకారం ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పాటుకు 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం లభించి, 2024-25లో డిగ్రీ కోర్సులతో తరగతులు మొదలయ్యాయి. కొత్తగూడకు పొరుగు జిల్లాలో ఉన్న ఈ సంస్థలో పీజీ చదువు విస్తరించేనాటికి ప్రవేశం జాతీయ పరీక్ష ద్వారానే జరగాలా, చుట్టుపక్కల గిరిజన యువతకు ప్రత్యేక మార్గం ఉండాలా అన్నది ఇప్పుడే తేల్చుకోవలసిన ప్రశ్న. పేరులో గిరిజనం ఉండి, తరగతి గదిలో పొరుగు గిరిజనులు లేకపోతే దాని స్థాపనోద్దేశం నెరవేరదు.

మూడోది దూరవిద్య స్థానం. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైన నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వంటి సంస్థలు ఇల్లు విడిచి రాలేనివారికి పీజీ చదివే దారి చూపాయి. అయితే రెగ్యులర్ సీటుకు దారి తెలియనందువల్ల దూరవిద్యలో చేరడం, కావాలని దూరవిద్యను ఎంచుకోవడం ఒకటి కావు. ఈ రెంటినీ విడదీసి చూసే అధ్యయనం అవసరం.

నాలుగోది పరిశోధనకు దారి. ఎస్టీ విద్యార్థుల కోసం కేంద్రం ఏటా 750 జాతీయ ఫెలోషిప్పులు ఇస్తోంది. వాటిని అందుకోవాలంటే ముందు పీజీ, ఆపైన పీహెచ్‌డీ ప్రవేశం ఉండాలి. పీజీ దరఖాస్తు దగ్గరే ఆగిపోయిన ప్రతి విద్యార్థి ఈ నిచ్చెన మొత్తానికీ దూరమవుతున్నాడు.

ముగింపు

అర్ధ శతాబ్దపు చర్చ నుంచి కొన్ని విషయాలు నిలదొక్కుకున్నాయి. ఉమ్మడి పరీక్ష వల్ల ప్రయాణం, ఖర్చు తగ్గాయి కనుక వెనక్కి పోవడం మంచిది కాదు. మౌఖిక పరీక్షకు ఎంపికలో పరిమిత వాటాయే ఉండాలి. రిజర్వేషన్, స్థానికత అవసరమే గాని, ఒకే ప్రాంతంలోని లోపలి అంతరాలను అవి స్పృశించవు. వీటి మీద వాదించుకుంటూ పోతే మరో అర్ధ శతాబ్దం గడుస్తుంది గాని, కొత్తగూడ విద్యార్థి స్థితి మారదు.

మార్పు దరఖాస్తు దగ్గర మొదలుకావాలి. 2017-18 నుంచి నడుస్తున్న గిరిజన సంక్షేమ గురుకుల డిగ్రీ కళాశాలల్లోనూ, ఏజెన్సీకి దగ్గరగా ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లోనూ చివరి ఏడాది డిసెంబరులోనే సీయూఈటీ, జూన్ నాటికే సీపీగెట్ దరఖాస్తులు నింపించే బాధ్యతను ఒక అధ్యాపకుడికి అప్పగించవచ్చు. ధ్రువపత్రాల సవరణకు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), రెవెన్యూ శాఖ కలిసి కళాశాలలోనే శిబిరం పెట్టవచ్చు. వెబ్ ఆప్షన్ల రోజుల్లో మండల కేంద్రంలో ఉచిత సహాయ కేంద్రం నడపవచ్చు. సీయూఈటీ పీజీ ప్రశ్నపత్రాన్ని తెలుగులోనూ ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వాలు గట్టిగా కోరవచ్చు. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కరలేదు, ఎవరి సీటూ తగ్గదు, నాలుగు వాదాల్లో దేనితోనూ పేచీ రాదు. ఇవి అమలై, మండలాల వారీ లెక్కలు ఏటా బయటికి వచ్చిననాడే ఏ కొలమానం న్యాయమైనదన్న పాత ప్రశ్నకు జవాబు వెదకడానికి గట్టి ఆధారం దొరుకుతుంది.